సినిమాలో చూపించిన ఆకాశం సరైనదేనా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

పెద్ద సైన్స్ ఫిక్షన్ సినిమా ఏది రిలీజైనా రెండో రోజు నుంచి నా ఫోన్‌కు ఒకటే ప్రశ్న. "మాస్టారూ, అది నిజంగా అలాగే ఉంటుందా?" నేను పుట్టింది గుంటూరు, ఉండేది బెజవాడ, చెప్పేది ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్. అడిగినవాళ్లకు ఇంతకాలం ఒక్కొక్క సీనుకూ జవాబు చెబుతూ వచ్చాను. అలా చెబితే పని తెమలదని తేలిపోయింది. జవాబు కాకుండా, జవాబు రాబట్టే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఒక ఆదివారం సాయంత్రం చాలు, లెక్కలంటే భయమున్నా పరవాలేదు. భాగహారం, వర్గమూలం దాటి ఏమీ రావు. వర్గమూలం ఫోన్లో నొక్కితే వచ్చేస్తుంది.

కావాల్సినవి

- ఒక నోటుబుక్కు, స్కేలు, క్యాలిక్యులేటర్.
- ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్, లేదా పంచాంగం. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు, నాలుగో మెట్టులో మీకే తెలుస్తుంది.
- కంప్యూటర్లో స్టెల్లేరియం. ఏ ఊరి నుంచి, ఏ రోజు, ఏ గంటకు ఆకాశం ఎలా కనిపిస్తుందో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కంప్యూటర్ లేకపోతే ఫోన్లో ఇలాంటి యాప్ ఏదైనా సరే.
- సీను మళ్లీ మళ్లీ ఆపి చూసుకునే వీలు. ఓటీటీలో స్క్రీన్‌షాట్ తీస్తే చాలాసార్లు నల్లగా వస్తుంది. దానికోసం తంటాలు పడకుండా సినిమా ఆపి, టీవీ మీదే స్కేలు పెట్టి కొలవండి. తెర మీద గట్టిగా నొక్కకండి, ఇంట్లో తిట్లు నా ఖాతాలో పడతాయి.

బైనాక్యులర్స్ ఉంటే సంతోషం. లేకపోయినా పని ఆగదు.

1. ఒక్క సీను తీసుకుని, అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి

"సినిమా అంతా బోగస్" అన్నది పరీక్షకు నిలిచే మాట కాదు. "అంగారకుడి మీద ఉన్న హీరో భూమి మీదున్న భార్యతో ఫోన్లో మాట్లాడినట్టు వెంటవెంటనే మాట్లాడాడు" అన్నది నిలుస్తుంది. రాసిన వాక్యంలో చోటు, సమయం, దూరం, వేగం, పరిమాణం, వీటిలో ఒక్కటైనా ఉండాలి. ఏదీ లేకపోతే వేరే సీను చూసుకోండి.

2. సినిమా అడిగిన అప్పు ఏమిటో పక్కన రాయండి

ప్రతి సైన్స్ ఫిక్షన్ కథా మనల్ని ఒకటి రెండు అబద్ధాలు ఒప్పుకోమంటుంది. కాంతిని మించిన వేగం, కాలయంత్రం, గ్రహాంతరవాసులు లాంటివి. టికెట్ కొన్నామంటే వాటికి ఒప్పుకున్నట్టే, వాటి మీద పేచీ పెట్టకండి. అప్పు ఇచ్చాక మిగతా లెక్క సరిగ్గా ఉందా లేదా అన్నదే మన పని. ఓడ కాంతిని మించి పోవడం అప్పు. అదే ఓడ అమావాస్య నాడు నిండు చంద్రుడి పక్కనుంచి దిగితే అది అప్పు కాదు, తప్పు.

3. ఎక్కడ, ఎప్పుడు?

సంభాషణల్లో, గోడ మీది క్యాలెండర్లో, తెర మీద పడే అక్షరాల్లో వెతకండి. ఊరు, తేదీ, గంట మూడూ దొరికితే పండగే. రెండే దొరికినా చాలు. ఒక్కటీ దొరకకపోతే ఆరో మెట్టు వదిలేయండి, 4, 5, 8 మెట్లు అప్పుడూ పనిచేస్తాయి.

4. చంద్రుణ్ణి పంచాంగంతో పట్టుకోండి

తెర మీద దొరికే తప్పుల్లో ఎక్కువ ఇక్కడే. విచిత్రమేమిటంటే వాటిని పట్టుకునే జ్ఞానం మన నాయనమ్మల దగ్గర ఉంది.

తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఎడం, తిథికి 12 డిగ్రీలు. 12 డిగ్రీలు తిరగడానికి ఆకాశానికి 48 నిమిషాలు పడుతుంది. అందుకని శుక్ల పక్షంలో తిథి సంఖ్యను 48తో గుణిస్తే, పొద్దుకుంకాక ఎన్ని నిమిషాలకు చంద్రుడు అస్తమిస్తాడో ఇంచుమించుగా వస్తుంది. బహుళ పక్షంలో అదే గుణకారం, పొద్దుకుంకాక ఎంతసేపటికి ఉదయిస్తాడో చెబుతుంది. ఋతువును బట్టి ముప్పావుగంట, గంట అటూ ఇటూ అవుతుంది. తప్పు పట్టడానికి అంత సూక్ష్మం అక్కర్లేదు.

వినాయక చవితి చంద్రుడు రాత్రి ఇంచుమించు 9 గంటలకల్లా దిగిపోతాడు. అర్ధరాత్రి నడినెత్తిన సన్నని నెలవంక కనిపించిందంటే అది గ్రాఫిక్స్ వాళ్ల చంద్రుడు. కృష్ణాష్టమి బహుళ అష్టమి కాబట్టి ఆ రోజు చంద్రోదయం అర్ధరాత్రి ప్రాంతంలో ఉంటుంది, అదీ సగం చంద్రుడు. దీపావళి రాత్రి చంద్రుడు అసలుండడు. కార్తీక పౌర్ణమికి కృష్ణలో దీపాలు వదిలే వేళ తూర్పున నిండుగా లేస్తాడు. పండగ తెలిస్తే చంద్రుడు తెలిసినట్టే. సంక్రాంతిని మాత్రం ఈ లెక్కలో వాడకండి. అది సూర్యమానం, ఆ రోజు చంద్రుడు ఏ కళలోనైనా ఉండొచ్చు.

ఇంకో రెండు చూడండి. వెలుగున్న అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం మెరవకూడదు, ఎందుకంటే అక్కడున్నది ఖాళీ కాదు, చంద్రుడి చీకటి భాగం. నక్షత్రం దాని వెనక దాగిపోవాలి.

ఇక్కడ నా పరువు పోయిన సంగతి చెప్పాలి. ఒక విదేశీ సినిమాలో నెలవంక నిటారుగా, దాదాపు బ్రాకెట్టు గుర్తులా నిలబడి ఉంది. మన దగ్గర నెలవంక పడవలా పడుకుని కదా ఉంటుంది! టీ కొట్టు దగ్గర నలుగురి ముందు "తప్పు" అని తీర్పు చెప్పేశాను. మర్నాడు నా పాత విద్యార్థి ఒకడు లండన్ నుంచి అక్టోబరు నెలవంక ఫోటో పంపాడు. నిటారుగానే ఉంది. చంద్రుడు ఎంత వాలి ఉంటాడన్నది మీ అక్షాంశం మీద, నెల మీద ఆధారపడి ఉంటుంది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఉగాది రోజుల్లో నెలవంక దాదాపు పూర్తిగా పడవే. మనకు కూడా దసరా, దీపావళి రోజులకు ఆ పడవ బాగా పక్కకు ఒరుగుతుంది. అందుకని మూడో మెట్టు దాటకుండా వాలు మీద తీర్పు చెప్పకండి. మన ఊళ్లోనే తీసినట్టు చూపించే కథలో, చైత్రంలో, నిటారు నెలవంక వస్తే మాత్రం ధైర్యంగా అనండి, ఆ ముక్క ఎక్కడో చలిదేశంలో తీసింది.

5. వేళ్లతో కొలవండి

చెయ్యి పూర్తిగా చాపితే చిటికెన వేలు వెడల్పు ఆకాశంలో దాదాపు 1 డిగ్రీ. పిడికిలి 10 డిగ్రీలు. వేళ్లు చాచిన జాన 20 డిగ్రీలు. చంద్రుడు అర డిగ్రీ, అంటే చిటికెన వేలిలో సగం. నమ్మకపోతే ఈసారి పౌర్ణమికి డాబా ఎక్కి చూడండి. గుమ్మడికాయంత కనిపించే చంద్రుడు కూడా వేలి వెనక దాక్కుంటాడు.

మామూలు లెన్స్ తెర వెడల్పులో సుమారు 40 డిగ్రీల దృశ్యాన్ని పడుతుంది. అంటే చంద్రుడు తెర వెడల్పులో 80వ వంతు ఉండాలి. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, 80తో భాగిస్తే సెంటీమీటరు చిల్లర. సినిమాలో పదిహేను సెంటీమీటర్ల చంద్రుడు కనిపించాడా? ఆగండి, అప్పుడే తప్పనకండి. దూరాన్ని దగ్గరకు లాగే పెద్ద లెన్స్‌తో చంద్రుణ్ణి అంత పెద్దగా తీయొచ్చు. కానీ అప్పుడు ముందున్న మనిషి చాలా దూరంలో ఉండి తీరాలి. ఎంత దూరం? చంద్రుడి బింబమంత ఎత్తు కనిపించే వస్తువు, తన ఎత్తుకు 115 రెట్ల దూరంలో ఉంటుంది. 170 సెంటీమీటర్ల హీరో చంద్రబింబంలో తల నుంచి కాలి దాకా ఇమిడిపోతే కెమెరా అతనికి 195 మీటర్ల దూరంలో ఉండాలి. ప్రకాశం బ్యారేజీ మీద ఈ ఫోటో తీయొచ్చు, చోటుకు కొదవలేదు. అదే షాట్‌లో కెమెరా పక్కనే ఉన్న హీరోయిన్ భుజం కూడా మామూలు సైజులో కనిపిస్తే, అప్పుడు అతికించారన్నమాట.

వేరే గ్రహాల ఆకాశానికి సూత్రం ఇది: వస్తువు వ్యాసాన్ని దాని దూరంతో భాగించి 57తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. గురుగ్రహం వ్యాసం 1,43,000 కిలోమీటర్లు, దాని ఉపగ్రహం అయో దూరం 4,22,000 కిలోమీటర్లు. లెక్క వేస్తే 19 డిగ్రీలు, అంటే అయో మీద నిలబడితే గురుడు ఆకాశంలో జానెడు. కాబట్టి ఆకాశం నిండా ఓ పెద్ద గ్రహం వేలాడుతోందన్న ఒక్క కారణంతో ఏ సీనునూ కొట్టిపారేయకండి.

6. నక్షత్రాలు: స్టెల్లేరియం తెరవండి

ఎఫ్6 నొక్కితే ఊరు పెట్టే పెట్టె వస్తుంది. విజయవాడ అని కొట్టండి, దొరక్కపోతే ఉత్తరం 16.5, తూర్పు 80.6 ఇవ్వండి. ఎఫ్5తో తేదీ, సమయం. ఎఫ్3తో పేరు పెట్టి వెతకొచ్చు. పగటి వెలుగు అడ్డొస్తే ఏ, నేల అడ్డొస్తే జీ నొక్కండి, రెండూ మాయమవుతాయి. ఊరి పెట్టెలో భూమికి బదులు చంద్రుణ్ణో అంగారకుణ్ణో కూడా ఎంచుకోవచ్చు. పిల్లలకు ఇది చూపిస్తే ఇక మీకు కంప్యూటర్ దక్కదు.

ఇప్పుడు తెరను, సాఫ్ట్‌వేర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని నక్షత్రాలతో కుస్తీ పట్టక్కర్లేదు, మూడు గుర్తులు చాలు. సప్తర్షి మండలం ఒకటి. మూడు చుక్కల నడుముపట్టీతో ఆర్ద్ర, మృగశిరలున్న ఓరియన్ రెండోది. ధ్రువుడు మూడోది. ధ్రువుడు ఎంత ఎత్తున ఉంటే అదే మీ అక్షాంశం. బెజవాడలో 16.5 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర పైన ఒక వేలు. ఇక్కడి డాబా మీద హీరో నడినెత్తి వైపు వేలు చూపించి "అదిగో ధ్రువనక్షత్రం" అన్నాడంటే అతను ఉత్తర ధ్రువం మీదైనా ఉండాలి, లేదా అబద్ధమైనా చెబుతూ ఉండాలి.

ఇది చాదస్తం కాదు అనడానికి ఒక ఉదాహరణ. టైటానిక్ సినిమాలో ఓడ మునిగిన రాత్రి ఆకాశం తప్పుగా ఉందని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ పట్టుబట్టారు. దర్శకుడు జేమ్స్ కామెరాన్ 2012లో సినిమాను త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ ఆకాశాన్ని మార్పించారు. అది సైన్స్ ఫిక్షన్ కాదు కానీ మన సాధనకు బంగారం లాంటి సీను. తేదీ 1912 ఏప్రిల్ 15, ఊరు పేరు బదులు ఉత్తరం 41.7, పడమర 49.9 ఇవ్వండి. అమావాస్య దగ్గర రోజులు కాబట్టి చంద్రుడు ఉండకూడదు. చూడండి.

హెచ్చరికలు రెండు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఒకటి, టైమ్ జోన్. ఊరు మార్చినా గడియారం భారత కాలమానంలోనే ఉండిపోతే ఆకాశం గంటల కొద్దీ తేడా వస్తుంది. ఊరితో పాటు అదీ మారిందో లేదో చూసుకోండి.

రెండు, క్రీస్తు పూర్వపు ఏళ్లు. చరిత్ర పుస్తకాల్లో సున్నా సంవత్సరం లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కలియుగం మొదలైందని చెప్పే క్రీ.పూ. 3102ను చూడాలంటే మీరు మైనస్ 3101 అని కొట్టాలి. కల్కి 2898 ఏడీ పేరులోని అంకె ఇక్కడ పనికొస్తుంది. 3102కు 2898 కలిపితే చక్కగా 6000. సున్నా సంవత్సరం లేదు కాబట్టి నిజానికి అది 5,999 ఏళ్లు. ఒక్క ఏడాదికి సినిమాను తప్పు పట్టడం దౌర్జన్యమే, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క ఏడాది తేడాకే చంద్రుడు ఎక్కడికో పోతాడు.

ఆ కాలానికి వెళ్లాక ధ్రువుడి కోసం వెతకండి. ఉత్తరాన ఇప్పుడున్న ధ్రువనక్షత్రం అక్కడ ఉండదు. భూమి అక్షం బొంగరంలా ఊగుతూ దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. క్రీ.పూ. 3100 ప్రాంతంలో ధ్రువానికి దగ్గరున్నది థుబన్ అనే వేరే నక్షత్రం. కాలయంత్రంలో కురుక్షేత్రానికి వెళ్లిన హీరో మనం చూసే ధ్రువుణ్ణే చూసి దారి పట్టుకుంటే, వేళాకోళం ఆడే హక్కు మీకు వచ్చినట్టే.

7. గ్రహణం సీను అయితే

ఈ మెట్టు గుంటూరు వాళ్లు కాలరెగరేసుకుని చేయాల్సింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చింది గుంటూరుకే. బ్రిటిష్ బృందంతో టెన్నంట్ కూడా గుంటూరులోనే దిగాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశారు. ఆ ఏడాది పరిశీలనల్లో కనిపించిన పసుపు గీతే చివరకు హీలియం కథకు మొదలైంది. భూమి మీద హీలియం చిక్కింది 1895లో.

స్టెల్లేరియంలో ఊరు గుంటూరు, తేదీ అదే, సమయం ఉదయం పెట్టి, సూర్యుణ్ణి దగ్గరకు లాగి, కాలాన్ని వేగంగా నడపండి. అప్పటికి ఐఎస్‌టీ లేదు కాబట్టి అది చూపించే గంట కాస్త అటూ ఇటూగా ఉంటే కంగారు పడకండి. ఈ గ్రహణాన్ని కళ్లారా చూశాక సినిమా గ్రహణంతో పోల్చండి:

- సూర్యగ్రహణం అమావాస్య నాడే, చంద్రగ్రహణం పౌర్ణమి నాడే. ముందురోజు రాత్రి నిండు చంద్రుణ్ణి చూపించి మర్నాడు సూర్యగ్రహణం పెడితే అక్కడే ఆట అయిపోయింది.
- చంద్రుడు సూర్యుడి పడమటి అంచు మీద మొదట పడాలి.
- మొదటి కొరుకుడు నుంచి పూర్తిగా మూసుకోవడానికి సాధారణంగా గంట పైనే పడుతుంది. సినిమాలో అయిదు సెకన్లలో మూత పెట్టినట్టు అవుతుంది. కాలాన్ని కుదించి చూపించారా, పాత్రలు నిజంగానే అయిదు సెకన్లు అనుకుంటున్నాయా అన్నది చూడండి.
- పూర్తి చీకటి ఏడున్నర నిమిషాలకు మించదు. ఆ చీకట్లో క్లైమాక్స్ ఫైటు ఇరవై నిమిషాలు సాగితే గడియారం పెట్టి కొలవండి. నేను కొలిచాను. మా ఆవిడ లేచి వెళ్లిపోయింది.

నిజం గ్రహణాన్ని చూసి పోల్చాలనిపిస్తే ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, మామూలు చలువ కళ్లద్దాలు వాడకండి. గ్రహణాల కోసం చేసిన కళ్లద్దాలే పెట్టుకోవాలి, వాటితో బైనాక్యులర్స్‌లో చూడకూడదు.

గ్రహాలన్నీ ఒక గీత మీదకొచ్చి ప్రళయం తెచ్చే సీనుకు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా హడలిపోయింది. ఆ నెల 5వ తేదీ పెట్టి, పగటి వెలుగు తీసేసి చూడండి. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని జానెడు జాగాలో కనిపిస్తారు. ఎనిమిదో గ్రహం కేతువు, అది సాఫ్ట్‌వేర్‌లో దొరకదు. అంత దగ్గరకొచ్చినా గీత గీసినట్టు మాత్రం లేరు, కక్ష్యలు ఒకదానికొకటి కొద్దిగా వాలి ఉంటాయి కదా.

8. దూరం, వేగం, సమయం

అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ఎక్కువ పట్టుబడేది ఇక్కడ. నాలుగు లెక్కలు నేర్చుకుంటే చాలు.

*మాట అందే సమయం.* కిలోమీటర్లలో దూరాన్ని 3 లక్షలతో భాగిస్తే సెకన్లు. చంద్రుడికి 1.3 సెకన్లు, అంగారకుడికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. ఇది ఒకవైపుకే. మొదటి మెట్టులో మన హీరో భార్యను "భోంచేశావా" అని అడిగితే, ఆ జవాబు తన చెవిన పడటానికి తక్కువలో తక్కువ ఆరు నిమిషాలు ఆగాలి.

*కక్ష్యా వేగం.* భూమి కేంద్రం నుంచి దూరానికి వర్గమూలం కట్టి, 631ని దానితో భాగించండి. సెకనుకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున ఉంది, భూమి వ్యాసార్ధం 6,371 కలిపితే 6,771. జవాబు 7.67, అంటే గంటకు 27,600 కిలోమీటర్లు. 2018లో వచ్చిన మన తెలుగు సినిమా అంతరిక్షం పేరులోనే 9000 కెఎంపీహెచ్ ఉంది కదా, దాన్ని వెనక్కి లెక్కవేయండి. సెకనుకు 2.5 కిలోమీటర్లు. ఆ వేగంతో గుండ్రని కక్ష్యలో తిరగాలంటే సుమారు 57 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండాలి. భూమిని ఆనుకుని అదే వేగంతో పోతే తిరగదు, కింద పడుతుంది. సినిమాలో ఆ అంకె ఎక్కడి వేగంగా చెప్పారో మీరే చూసి, ఈ లెక్కతో సరిపోల్చండి.

కక్ష్య ఎత్తు ఒక్కటే కాదు, వాలు కూడా చూడాలి. గ్రావిటీ సినిమాలో అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపు దగ్గర నుంచి అంతరిక్ష కేంద్రానికి వీపు మీది చిన్న రాకెట్టుతో చేరుకుంటారు. హబుల్ కక్ష్య వాలు 28.5 డిగ్రీలు, కేంద్రానిది 51.6. ఆ తేడా సరిచేసుకోవడానికే సెకనుకు 3 కిలోమీటర్ల వేగం కావాలి, గంటకు దాదాపు 11 వేల కిలోమీటర్లు. వీపు మీది సంచీ ఇవ్వగలిగేది కాదు. సినిమా అద్భుతంగా తీశారు, అది వేరే విషయం.

*నక్షత్రాల దూరం.* బెజవాడలో సూర్యుణ్ణి బఠానీ గింజంత చేసి పెడితే భూమి మీటరు దూరంలో ఉంటుంది, నెప్ట్యూన్ 30 మీటర్లలో. అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 268 కిలోమీటర్లు, ఇంచుమించు హైదరాబాదులో. ఓడ కిటికీ బయట నక్షత్రాలు సెకనుకొకటి చొప్పున వెనక్కి పోతుంటే, అది నాలుగు కాంతి సంవత్సరాల దూరాన్ని సెకనులో దాటుతోందన్నమాట. కాంతికి 12 కోట్ల రెట్ల పైన వేగం. కథ అడిగిన అప్పు "కాంతికి పది రెట్లు" అయితే లెక్క తేలలేదు. కాంతి సంవత్సరాన్ని కాలంగా వాడితే లెక్క కూడా అక్కర్లేదు, తప్పే.

*తిరిగే ఓడలో బరువు.* భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరగాలో తెలియడానికి 30ని వ్యాసార్ధపు వర్గమూలంతో భాగించండి. వ్యాసార్ధం 100 మీటర్లయితే నిమిషానికి 3 చుట్లు. తెర మీద స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టుకోండి.

గ్రహశకలాల వలయంలో రాళ్లను తప్పించుకుంటూ ఓడ నడిపే సీను గురించి రెండు ముక్కలు. అక్కడ పెద్ద రాళ్ల మధ్య సగటు ఎడం సుమారు 10 లక్షల కిలోమీటర్లు. కళ్లు మూసుకుని దాటొచ్చు.

9. గాలి, చప్పుడు

శూన్యంలో చప్పుడు ఉండదని అందరికీ తెలుసు, అందుకే దీన్ని సాగదీయను. ఓడ లోపలి చప్పుడు, హెల్మెట్‌లో ఊపిరి, నేపథ్య సంగీతం తప్పుల కిందకు రావు. అంగారకుడి మీద తుఫాను వస్తే ఇలా చేయండి: గాలి వేగాన్ని 8తో భాగించండి. అక్కడి గాలి మన గాలి కంటే దాదాపు 60 రెట్లు పల్చన, తోపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఈ 8 వచ్చింది. అక్కడ గంటకు 160 కిలోమీటర్ల గాలి మనకు 20 కిలోమీటర్ల గాలితో సమానం. దివిసీమ తుఫాను కథలు విన్న మనకు అది డాబా మీద ఆరేసిన లుంగీ ఊగే గాలి. ది మార్షియన్ కథ ఆ తుఫానుతోనే మొదలవుతుంది. అది కుదరదని తెలిసే కథ కోసం పెట్టానని రచయిత ఆండీ వీర్ స్వయంగా చెప్పారు.

10. తీర్పు నాలుగు ముద్రల్లో వేయండి

సరైనది, తప్పు, సినిమా సౌకర్యం, చెప్పలేం. మూడోది చాలామంది వాడరు. ఇంటర్‌స్టెల్లార్ కృష్ణబిలం దీనికి మంచి ఉదాహరణ. దానికి సలహా ఇచ్చిన కిప్ థోర్న్‌కు తరవాత 2017లో గురుత్వ తరంగాలకు నోబెల్ వచ్చింది. బిలం చుట్టూ కాంతి వంగిన తీరు సమీకరణాలతో గీసినదే. కానీ బిలం చుట్టూ తిరిగే వేడి వాయువుల పళ్లెంలో మన వైపు వచ్చే పక్క బాగా వెలుగుతూ, దూరమయ్యే పక్క మసకబారాలి. ప్రేక్షకులు తికమకపడతారని ఆ తేడాను కావాలనే వదిలేశారు. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎమ్87 అనే గెలాక్సీలోని కృష్ణబిలం అసలు చిత్రంలో ఒక పక్క వెలుగు ఎక్కువగా ఉండటం మీరే చూడొచ్చు. ఇది తెలియక చేసిన తప్పు కాదు, తెలిసి చేసిన సర్దుబాటు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

చంద్రుడి మీద పగటి సీనులో నక్షత్రాలు లేవు కాబట్టి తప్పు అనడం. ఎండలో మెరిసే నేలకు కెమెరా సరిచేస్తే మసక చుక్కలు పడవు. లేకపోవడమే సహజం.

ఒకే వెబ్‌సైట్‌లో చదివి తీర్పు చెప్పడం. ముఖ్యంగా వాట్సాప్‌లో తిరిగే "ఈ సినిమాలో 25 తప్పులు" జాబితాలు. వాటినే ఒక సీనుగా తీసుకుని పరీక్ష పెట్టండి, సగం నిలవవు.

సెంటీమీటర్లు రాసుకోవడం. మీ టీవీ వేరు, నా టీవీ వేరు. తెర వెడల్పులో ఎన్నో వంతో రాయండి.

మీ జవాబు సరైనదో కాదో చూసుకోవడం

పద్ధతిని ముందు తెలిసిన రోజు మీద నడపండి. ఇవాళ సాయంత్రం 7 గంటలకు స్టెల్లేరియం ఏం చూపిస్తోందో డాబా ఎక్కి పోల్చండి. ఊళ్లో వెలుతురు ఎక్కువైతే ఒక శనివారం సూర్యలంక బీచికో, కొండపల్లి వైపో వెళ్లండి. సూర్యలంకలో దక్షిణాన సముద్రం కాబట్టి శీతాకాలంలో అగస్త్య నక్షత్రం శుభ్రంగా కనిపిస్తుంది, మన అక్షాంశంలో దాని గరిష్ఠ ఎత్తు సుమారు జానెడు. అది సరిపోయిందంటే మీ ఊరు, గడియారం రెండూ సరిగ్గా పెట్టారు. తరవాత అదే లెక్క ఇంకొకరితో చేయించండి. ఇద్దరికీ వేరే జవాబులొస్తే నాలుగో ముద్ర వేసి ఊరుకోండి.

సాధనకు మూడు సీన్లు

అ. దీపావళి రాత్రి గ్రహాంతర ఓడ ఇంద్రకీలాద్రి మీద దిగుతుంది, వెనక నిండు చంద్రుడు. ఓడ అప్పు, చంద్రుడు తప్పు.

ఆ. చంద్రుడి మీది స్థావరంలో హీరోయిన్ రోజూ పొద్దున్నే కొండ వెనక నుంచి భూమి ఉదయించడం చూస్తుంది. తప్పు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనకు చూపిస్తాడు కాబట్టి అక్కడ నిలబడితే భూమి దాదాపు ఒకే చోట వేలాడుతుంది. చంద్రయాన్-3 దిగిన చోట అయితే ఉత్తరాన, బాగా కిందుగా. కానీ అదే అమ్మాయి చంద్రుడి చుట్టూ తిరిగే ఓడలో ఉంటే సీను సరైనదే, 1968 డిసెంబరు 24న అపోలో-8 నుంచి తీసిన ఫోటో అలాంటిదే. అదనపు మార్కులకు: ఇక్కడ పౌర్ణమి అయితే అక్కడి నుంచి భూమి అమావాస్యగా కనిపించాలి.

ఇ. 9 మీటర్ల వ్యాసార్ధమున్న చక్రం నిమిషానికొకసారి తిరుగుతోంది, లోపల అందరూ మామూలుగా నడుస్తూ గ్లాసుల్లో కాఫీ తాగుతున్నారు. 30ని 3తో భాగిస్తే 10 చుట్లు కావాలి. ఉన్నది ఒకటి. వేగం పదో వంతైతే బరువు నూరో వంతు, 60 కిలోల మనిషి 600 గ్రాములు తూగుతాడు. కాఫీ గ్లాసులో ఉండదు.